పారిస్ బిస్ట్రోలో ఆరుగురు మిత్రులం కలిసి భోంచేయాలి: ముందుగా ఏమేమి తెలుసుకోవాలి?

బాటసారి

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో మేము ఆరుగురు మిత్రులం పారిస్‌లో కలుస్తున్నాము. చదువులు ముగిసిన తరువాత అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం ఇదే మొదటిసారి కాబట్టి, ఒక సాయంత్రం తీరికగా ఫ్రెంచి భోజనం చేయాలని నిశ్చయించుకున్నాము. గంభీరమైన ఖరీదైన చోటు మాకు వద్దు. సుద్దముక్కతో రాసిన పలక, ఇరుకుగా వేసిన బల్లలు, పక్కవారి మాటలు వినిపించేంత సందడి ఉన్న మామూలు బిస్ట్రో, అంటే చిన్న భోజనశాల, చాలు. చిక్కల్లా మా బృందంతోనే ఉంది. ఒకరు గుడ్డు కూడా ముట్టని శాకాహారి, పాలు, వెన్న మాత్రం తింటారు. ఇద్దరు గొడ్డుమాంసం తినరు. ముగ్గురు మద్యం తాగరు. నేను మాత్రం ఏది పెట్టినా తింటాను. పైగా వంటకాలన్నీ బల్ల మధ్యలో పెట్టుకుని పంచుకోవడం మాకు అలవాటు. అక్కడ అలా చేస్తే తప్పుగా చూస్తారా? ఒకరు తింటూ ఉంటే మరొకరు చూస్తూ కూర్చునే పరిస్థితి రాకుండా ఎలా నడుచుకోవాలో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

పాత గరిటె

బాటసారి గారూ, నేను ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒక చిన్న భోజనశాల వంటింట్లో కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడ అటువంటి చోట్లను బూషోన్ అంటారు. మీ ప్రశ్నకు వంటింటి వైపునుంచి సమాధానం చెబుతాను.

ముందు పలకను చదవడం తెలియాలి, ఎందుకంటే తెలిసిన మాటలే అక్కడ వేరే అర్థంలో కనిపిస్తాయి. మనం మెనూ అనుకునే పట్టికను వారు కార్త్ అంటారు. మెనూ అంటే ఇంత ధరకు ఇన్ని వంటకాలు అని ముందే కట్టిన పూర్తి భోజనం. అందులో మొదటి వంటకమో చివరిదో తగ్గించి రెండింటికే పరిమితం చేస్తే అది ఫార్ముల్. ఇక ఆంత్రే అనే మాట అమెరికాలో ప్రధాన వంటకానికి వాడతారు గానీ ఫ్రాన్స్‌లో అది భోజనానికి ఆరంభం మాత్రమే, ప్రధాన వంటకం పేరు ప్లా. ఈ తేడా తెలియక ఆంత్రే వరుసలోంచి ఒక్కటే చెప్పి, చిన్న పళ్ళెంలో లీక్ అనే ఉల్లిజాతి కాడలు మూడు వచ్చేసరికి నివ్వెరపోయిన అతిథులను నేను చాలామందిని చూశాను.

పలక పొట్టిగా ఉంటే సంతోషించండి. వంటింట్లో ఇద్దరో ముగ్గురో ఉండే చోట నలభై వంటకాలు రాసి ఉన్నాయంటే, వాటిలో చాలావరకు ఎక్కడో వండి, చల్లబరచి పంపినవని అర్థం. ఆ రోజు అంగడిలో దొరికినదాన్నిబట్టి వండే ప్లా దు జూర్ అడగడం ఎప్పుడూ మంచిది. 2014 నుంచి పట్టికల మీద ఫే మెజోన్, అంటే ఇక్కడే వండినది అని సూచించే ఒక గుర్తు కనిపిస్తోంది. గిన్నెకు మూతగా ఇంటి కప్పు ఉన్న బొమ్మ అది. పచ్చి సరుకుతో ఆ వంటింట్లోనే తయారుచేశారని దాని భావమే గాని, ఆ సరుకు గడ్డకట్టించినది కాదని మాత్రం కాదు. ఆ గుర్తును నేను కొంతవరకే నమ్ముతాను, పొట్టి పలకను అంతకంటే ఎక్కువ నమ్ముతాను.

ఆరుగురు కాబట్టి తప్పకుండా ముందే ఫోన్ చేసి బల్ల చెప్పి ఉంచండి. చిన్న బిస్ట్రోలో ఆరుగురికి చోటు అంటే మూడు బల్లలు జరపాలి. చాలా చోట్ల రాత్రి వంట ఏడు, ఏడున్నరకు గానీ మొదలు కాదు. శాకాహారం సంగతి కూడా ఆ ఫోన్‌లోనే చెప్పేయండి. మధ్యాహ్నం తెలిస్తే వంటవాడు ఏదో ఒకటి ఆలోచిస్తాడు, రాత్రి ఎనిమిదిన్నరకు తెలిస్తే విసుక్కుంటాడు. ఈ రెండో పని నేనూ చేశాను.

లెక్కల మాస్టారు

బిల్లు విషయం నేను చెబుతాను. పట్టికలో కనిపించే ధరలోనే పన్నూ, సాధారణంగా 15 శాతంగా లెక్కించే సేవా రుసుమూ కలిసి ఉంటాయి. 1987 నుంచి ఉన్న నిబంధన ఇది. బిల్లు అడుగున సేర్వీస్ కోంప్రి, అంటే సేవ కలిసినది, అని ఉండేది దాని గురించే. కాబట్టి అదనంగా ఇరవై శాతం ఇవ్వాలేమోనని ఆందోళన పడవలసిన పని లేదు. సేవ నచ్చితే కొన్ని నాణేలు వదిలి రావడం అక్కడి పద్ధతి, వదలకపోయినా ఎవరూ నొచ్చుకోరు. వంటకాల మీద పన్ను 10 శాతం, మద్యం మీద 20 శాతం ఉంటుంది కనుక బిల్లులో రెండు పన్ను వరుసలు కనిపిస్తే కంగారు పడకండి.

రొట్టె, కుళాయి నీళ్ళు భోజనంతోపాటు ఉచితం. కానీ ఒట్టి "నీళ్ళు" అని అడిగితే సీసా నీళ్ళు వచ్చి, వాటికి ధర పడవచ్చు. యూన్ కరాఫ్ దో, అంటే ఒక కూజా నీళ్ళు, అని అడగండి. కుళాయి నీళ్ళు ఉచితంగా అడగవచ్చన్న సంగతిని భోజనశాలలు స్పష్టంగా ప్రకటించాలని 2022 జనవరి నుంచి చట్టం కూడా చెబుతోంది.

బిల్లును ఆరుగా పంచుకునేటప్పుడు మద్యం తాగనివారి మీద సీసా ఖర్చు పడకుండా చూడండి. స్నేహాలలో పలకరింపులు తగ్గడానికి ఇంతకంటే చిన్న కారణాలు కూడా నేను చూశాను.

శాకాహార పథికుడు

గుడ్డు తినని ఆ మిత్రుని పక్షాన నేను మాట్లాడతాను, ఎందుకంటే ఆ కుర్చీలో నేను చాలాసార్లు కూర్చున్నాను.

"శాకాహారిని" అన్న ఒక్క మాటతో పని జరగదు. ఆ మాట వినగానే చేప తెచ్చిపెట్టిన చోట్లు ఉన్నాయి. మాంసం లేకుండా, చేప లేకుండా, గుడ్డు లేకుండా, మాంసపు రసం లేకుండా, లార్దోన్ లేకుండా అని ఒక్కొక్కటీ విడివిడిగా ఫ్రెంచిలో రాయించుకుని, ఆ చీటీని వడ్డించేవారి చేతికివ్వండి. లార్దోన్ అంటే సన్నగా తరిగి వేయించిన పందిమాంసపు ముక్కలు. అక్కడ చాలామంది దృష్టిలో అది మాంసం కాదు, ఉప్పువంటి ఒక రుచి. ఆకుల సలాడ్‌లో, పప్పుధాన్యాల సలాడ్‌లో, గుడ్లూ మీగడా పోసి కాల్చే కిష్ లోరేన్‌లో అది దాగి ఉంటుంది.

పేరు చూసి మోసపోయే వాటిలో మొదటిది ఉల్లిపాయల సూప్. పైన జున్ను కరిగి, అంచులు మాడి, చూడగానే నోరూరించే ఆ గిన్నె అడుగున ఉండేది చాలా చోట్ల గొడ్డుమాంసపు రసమే. సార్లాద్ పద్ధతి బంగాళాదుంపలు బాతుకొవ్వులో వేగుతాయి. కూరగాయల సూప్‌లో కోడిరసం ఉండవచ్చు. జున్నులలో కూడా పేరుపొందిన ప్రాంతీయ రకాలు చాలావరకు దూడ పొట్టనుంచి తీసే రెనెట్‌తో విరిచినవే కనుక, ఆ పట్టింపు ఉన్నవారు జున్ను పళ్ళెం జోలికి పోకపోవడం మంచిది.

ఇక దొరికేవి: ఆవాల వినెగర్ పులుసు పోసిన లీక్ కాడలు (పైన ఉడికిన గుడ్డు తురుము చల్లుతారు, వద్దనాలి), మేకపాల జున్ను వేడిచేసి పెట్టే సలాడ్, వంకాయ, టమాటా వంటివి కలిపి వండే రాతతూయ్, గ్రాతాన్ దోఫినువా. ఈ చివరిదానిలో పలుచగా కోసిన బంగాళాదుంపలు, పాలు, మీగడ, వెల్లుల్లి ఉంటాయి. పాత పద్ధతిలో జున్ను కూడా ఉండదు, అయితే కొందరు గుడ్డు కలుపుతారు కాబట్టి అడిగి తీరాలి. తీపి వంటకాల దగ్గరే అసలు కష్టం. క్రెమ్ బ్రూలే నిండా పచ్చసొన, చాక్లెట్ మూస్‌లో తెల్లసొన నురుగు, ఇల్ ఫ్లోతాన్త్ అయితే పూర్తిగా గుడ్డే. పండ్లతో ఏమి చేస్తారని అడగడం తప్ప దారి లేదు.

పుస్తకాల పురుగు

ఆరుగురూ బిస్ట్రోనే పట్టుకుని వేలాడవలసిన అవసరం ఉందా అని నా సందేహం. పారిస్‌లో బుయ్యోన్ అనే మరో రకం భోజనశాల ఉంది. బుయ్యోన్ అంటే మాంసపు రసం. 19వ శతాబ్దం నడిమిలో ద్యువాల్ అనే కసాయి వ్యాపారి, కార్మికులకు చవకగా వేడి రసం, ఉడికిన మాంసం పెట్టే భోజనశాలలు తెరిచాడు, వాటినుంచే ఈ పేరు నిలిచింది. 1896లో మొదలైన బుయ్యోన్ షార్తియే ఇప్పటికీ నడుస్తోంది. వడ్డించేవారు మీరు చెప్పినదాన్ని బల్ల మీద పరిచిన కాగితం మీదే రాసుకుని, చివరికి అక్కడే కూడిక వేసి చూపిస్తారు. ధరలు తక్కువ, పట్టిక పెద్దది కాబట్టి ఎవరికి కావలసింది వారికి దొరికే అవకాశం ఎక్కువ. పాత గరిటె గారి పొట్టి పలక సిద్ధాంతం ఇక్కడ వర్తించదని మనవి.

సందర్భం వచ్చింది కాబట్టి మరొక మాట. 1814లో పారిస్‌లోకి వచ్చిన రష్యా సైనికులు "త్వరగా" అనే అర్థంలో బీస్త్రో అని కేకలు వేయడం వల్ల బిస్ట్రో అనే పేరు పుట్టిందని ఆ నగరంలోని మోంమార్త్‌లో ఒక భోజనశాల గోడమీద ఫలకం ఉంది. కానీ ఆ మాట ఫ్రెంచి రాతల్లో కనిపించేది 1880ల నుంచి మాత్రమే. డెబ్బై ఏళ్ళపాటు ఎవరి కలానికీ తగలకుండా ఒక మాట దాగి ఉందంటే భాషావేత్తలు ఒప్పుకోవడం లేదు. త్వరగా తినేసి లేచిపోవడానికి ఆ చోటంత పనికిరానిది మరొకటి లేదన్నది నా సొంత అభ్యంతరం.

పాత గరిటె

పురుగు గారి సవరణ న్యాయమైనదే, బుయ్యోన్‌లో వంటింటి బలగం పెద్దది. అయితే అక్కడ వరుసలో నిలబడాలి, కూర్చున్నాక భోజనం త్వరగా సాగిపోతుంది. ఇన్నేళ్ళ తరువాత కలిసే మిత్రులు తీరికగా మాట్లాడుకోవడానికి నేనైతే బిస్ట్రోనే ఎంచుకుంటాను.

పంచుకోవడం గురించి బాటసారి గారు అడిగినదానికి ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. ఫ్రెంచి భోజనంలో మనిషికొక పళ్ళెం, ఆ పళ్ళేనికి ఒక వరుస. ఆరుగురి ఆంత్రేలూ ఒకేసారి బల్ల మీదికి వెళ్ళాలి, ఆరుగురూ ముగించాకే ప్లాలు కదలాలి. వంటింట్లో మా గడియారం నడిచేది అలాగే. అందువల్ల ఒకరు ఆంత్రే వద్దంటే ఆయన ఖాళీ బల్ల ముందు అరగంట కూర్చుంటాడు. మీరు భయపడుతున్న పరిస్థితి వచ్చేది ఇక్కడే. పరిష్కారం సులభం. ఆరుగురూ ఒకే లెక్కన చెప్పండి, రెండంటే అందరికీ రెండు, మూడంటే అందరికీ మూడు. పంచుకోవాలనుకుంటే ఆరంభంలో పంచుకోండి. ప్లాన్ష్ అనే చెక్కపలక మీద జున్నులో, ఉప్పువేసి ఆరబెట్టిన మాంసపు ముక్కలో పెట్టి బల్ల మొత్తానికి ఇస్తారు. ప్లా దగ్గరకు వచ్చాక ఎవరిది వారే చెప్పుకుని, పక్కవారికి ఒక ముద్ద రుచి చూపించడంలో తప్పేమీ లేదు. ఆరుగురు కూర్చుని మూడు ప్లాలు చెప్పి ఖాళీ పళ్ళేలు అడిగితే మాత్రం మొహం చిట్లిస్తారు, ఆ చిట్లింపు న్యాయమైనదేనని నా అభిప్రాయం.

గొడ్డుమాంసం తినని ఇద్దరికీ ఒక ముఖ్యమైన హెచ్చరిక. పలక మీద బఫ్, అంటే గొడ్డుమాంసం, అని లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. వో అంటే దూడమాంసం, బ్లాంకెత్ ద వో చాలా బిస్ట్రోలలో కనిపించే తెల్లని మీగడ కూర. అంతకంటే చిక్కైనది ఫోన్ ద వో, అంటే దూడ ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన చిక్కని రసం. కోడి, బాతు పక్కన పోసే గోధుమరంగు రసాలకు చాలా చోట్ల అదే మూలం. బాతుకాలిని దాని కొవ్వులోనే నెమ్మదిగా ఉడికించే కోన్ఫీ ద కనార్ సాధారణంగా రసం లేకుండానే వస్తుంది కనుక వారికి క్షేమం. వెన్నలో కాల్చిన చేప ఇంకా క్షేమం. వేయించిన బంగాళాదుంపలకు ఏ కొవ్వు వాడారో కూడా అడగండి, పాత పద్ధతి పాటించేవారు గొడ్డుకొవ్వు వాడతారు.

మాంసం తినేవారికి కాల్పు మాటలు తెలియాలి. బ్లో అంటే పైన తగిలీ తగలనట్టు కాల్చినది, సెన్యాన్ అంటే లోపల ఎర్రగా ఉన్నది, ఆ ప్వాన్ అంటే లోపల గులాబి రంగు మిగిలినది, బ్యాన్ క్వీ అంటే బాగా కాలినది. అక్కడి ఆ ప్వాన్ ఇతర దేశాల లెక్కకంటే ఒక మెట్టు పచ్చిగా ఉంటుంది. రక్తపు రంగు గిట్టనివారు స్టేక్‌ను పూర్తిగా కాల్చమని వంటవాణ్ణి బాధపెట్టేకంటే, వైన్‌లో మూడు గంటలు ఉడికిన బఫ్ బుర్గిన్యోన్ వంటిది అడిగితే ఇద్దరికీ సుఖం. ఆంద్వియెత్ అనే సాసేజి పందిపేగులతో చేసేది, దాని వాసన పళ్ళెం కంటే ముందే బల్ల దగ్గరకు వస్తుంది. ఏది పెట్టినా తింటానన్నారు కదా బాటసారి గారూ, ఆ ప్రతిజ్ఞను అక్కడ పరీక్షించుకోవచ్చు.

సీసా వద్దు

మద్యం తాగని ముగ్గురికి ఒక మాట. భోజనానికి ముందు తాగే పానీయం, అంటే అపెరితీఫ్, ఏమి తీసుకుంటారని తప్పక అడుగుతారు. సిరో ఆ లో అంటే పండ్ల పాకం కలిపిన నీళ్ళు, దియాబోలో అంటే అదే పాకం నిమ్మసోడాలో కలిపినది. రెండూ చిన్నపిల్లల పానీయాలని కొందరు నవ్వవచ్చు గానీ, గ్లాసు చేతిలో ఉంటే అందరితోపాటు ఎత్తవచ్చు. గ్లాసులు తాకించేటప్పుడు అక్కడివారు ఎదుటివారి కళ్ళలోకి చూస్తారు, చూపు తిప్పుకోవడం మర్యాద కాదు.

తాగకపోవడం వేరు, వంటలో కూడా వద్దనుకోవడం వేరు. ఆ ముగ్గురూ ఏ కోవకు చెందుతారో ముందే తేల్చుకోండి. కోడిని వైన్‌లో ఉడికించే కోకోవాన్, తెల్లవైన్‌లో ఆవిరి పట్టిన ఆల్చిప్పలు, పైన చెప్పిన బుర్గిన్యోన్, వీటిలో మద్యం ఎంత ఉడికినా పూర్తిగా ఆవిరైపోదు. రమ్ములో నానబెట్టిన కేకు బాబా ఓ రమ్ అయితే చెప్పనక్కరలేదు, కొన్ని చోట్ల రమ్ము సీసానే బల్ల మీద పెట్టి పోతారు.

మూడు పళ్ళేలు

చదువుకునే రోజుల్లో వడ్డన పని చేశాను కాబట్టి మావైపు మాట కూడా వినండి. లోపలికి రాగానే బోన్‌జూర్, సాయంత్రమైతే బోన్‌స్వార్ అనకుండా నేరుగా "ఆరుగురం" అంటే, ఆ రాత్రి మీ సేవ అక్కడే సగం చల్లబడుతుంది. గార్సోన్, అంటే అబ్బాయీ, అని పిలవకండి. పళ్ళెంలో కత్తి, ఫోర్కు పక్కపక్కన పెడితే ముగించారని తీసుకుపోతాము, విడివిడిగా ఉంటే ఇంకా తింటున్నారని వదిలేస్తాము. కాఫీ తీపి వంటకంతో కాదు, దాని తరువాత వస్తుంది. రెండూ కలిసి కావాలంటే కాఫే గుర్మాన్ అడగండి, చిన్న కాఫీ చుట్టూ మూడు నాలుగు చిట్టి తీపి వంటకాలు పెట్టి ఇస్తాము. బిల్లు మీరు అడిగేవరకు తేము. అది నిర్లక్ష్యం కాదు, లేవండని చెప్పినట్టు అవుతుందని తేము.

బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వెళ్ళి వచ్చాము. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏడున్నరకు బల్ల చెప్పుకున్నాము, శాకాహారం సంగతి ఫోన్‌లోనే తెలియజేశాము. పలక మీద మొత్తం పదకొండు వంటకాలు ఉండడం చూసి పాత గరిటె గారు గుర్తుకు వచ్చారు. అందరం మూడేసి చొప్పున చెప్పాము. చీటీ చూసిన వడ్డనావిడ వంటింట్లోకి వెళ్ళి వచ్చి, గ్రాతాన్‌లో గుడ్డు లేదని, దానిపక్కన కాల్చిన కూరగాయలు పెడతామని చెప్పింది. గుడ్డు తురుము లేని లీక్ కాడలు మా మిత్రునికి ఎంతగా నచ్చాయంటే, పంచుకోవడం అనే మా అలవాటు తిరగబడి, మేము నలుగురం ఆయన పళ్ళెంలోంచే రొట్టెతో పులుసు అద్దుకున్నాము. రొట్టెకు విడిగా పళ్ళెం ఇవ్వరని, బల్ల మీదే పెట్టుకోవాలని మీలో ఎవరూ చెప్పలేదు. మొదట్లో కొంత తటపటాయించాము.

దూడరసం హెచ్చరిక బాగా పనికివచ్చింది. కోడి పక్కన వచ్చే రసం గురించి అడిగితే అది ఫోన్ ద వోతో చేసినదేనని చెప్పారు, ఆ ఇద్దరూ బాతు వైపు మొగ్గారు. నేను ఆంద్వియెత్ చెప్పాను. సగం తిన్నాను. ఆ వాసన గురించి మీరు రాసినదానిలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఒకే ఒక్క పొరపాటు చివర జరిగింది. గుడ్డు లేని తీపి వంటకం ఏదని అడిగితే ఉడికించిన బేరిపండు అన్నారు. పండు కదా అని నిశ్చింతగా చెప్పేశాము. పళ్ళెం వచ్చేసరికి పండు ముదురు ఎరుపు రంగులో మెరుస్తోంది. అది ఎర్రవైన్‌లో ఉడికినది, మా శాకాహార మిత్రుడు మద్యం వంటలో కూడా వద్దనుకునే మనిషి. చీటీలో మాంసం, చేప, గుడ్డు అన్నీ రాశాము గానీ వైన్ రాయలేదు. చివరికి ఆ పండు నేను తిన్నాను, ఆయన కాఫీతో సరిపెట్టుకున్నారు. బిల్లును ఆరు కార్డుల మీద విడదీయడానికి ఆవిడ మారుమాట లేకుండా ఒప్పుకుంది. బయటికి వచ్చేసరికి పదకొండు దాటింది.

పాత గరిటె

బేరిపండు విషయంలో తప్పు నాది కూడా. ఎర్రవైన్‌లో ఉడికించడం ఎంత మామూలంటే, చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. మరోసారి అవకాశం వస్తే ప్వార్ బెల్ ఎలెన్ ఉందేమో అడగండి. అందులో బేరిపండు చక్కెర పాకంలోనే ఉడుకుతుంది, పైన వేడి చాక్లెట్ పోస్తారు. పక్కన వెనీలా ఐస్‌క్రీమ్ పెడతారు గానీ, దానిలో సాధారణంగా పచ్చసొన ఉంటుంది కనుక తీసేయమనాలి.

బాటసారి

ఇప్పుడే ఆయనకు చదివి వినిపించాను. ఐస్‌క్రీమ్ తీసేస్తే మిగిలేది పండూ చాక్లెట్టే కదా, అదే చాలునంటున్నారు. రేపు మధ్యాహ్నం రైలుకు ముందు రెండు గంటల సమయం ఉంది, చీటీలో వైన్ కూడా చేర్చి వెతుకుతాము.